ఓడిపోయే మనిషికి చెప్పాల్సిన జవాబు

ఈమధ్య మహబూబ్‌నగర్‌లో కొందరు పిల్లలు నన్ను పిలిచారు. లా చదివి, జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు తయారవుతున్నవాళ్లు. వ్యాస ప్రశ్నలకు జవాబు ఎలా రాయాలో చెప్పమన్నారు. చెప్పాను. తగాదా ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి. దానికి పనికొచ్చే చట్టం రెండు మూడు వాక్యాల్లో రాయండి. ప్రశ్నలో ఇచ్చిన సంగతులను ఆ చట్టం పక్కన పెట్టి ఒక్కొక్కటే చూడండి. ఓడిపోయేవాడి వాదన కూడా రాసి దానికి సమాధానం చెప్పండి. చివరికి ఎటో ఒకవైపు తేల్చండి. అంతా కలిపి పది నిమిషాలు పట్టలేదు. పిల్లలు బోర్డును ఫోన్లలో ఫొటో తీసుకున్నారు, చప్పట్లు కొట్టారు, సమోసా పెట్టి పంపించారు. తిరిగి వస్తూ జడ్చర్లలో చాయ్ కోసం ఆగినప్పుడు నాకే నవ్వొచ్చింది. బోర్డు మీద ఐదు వరుసలు. వాటిని నేర్చుకోవడానికి నాకు రెండు ఓటములు, మూడేళ్లు పట్టాయి. అందులో నాలుగో వరుసను నేర్పిన మనిషికి అక్షరం ముక్క రాదు. ఆ సంగతి పిల్లలకు చెప్పలేదే అని మనసు పీకింది. అందుకే ఇది రాస్తున్నాను.

మాది ఆత్మకూర్. సాలెవాళ్లం. ఇంట్లోకి అడుగు పెడితే ముందు గంజి వాసన, ఆ తర్వాతే మనుషులు. బాపు మగ్గం గుంటలో కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి తప్ప లేచేవాడు కాదు. ఎవరైనా వస్తే మగ్గం మీంచే పలకరించేవాడు. మా దిక్కు ఒక మర్యాద ఉంది. పని మీద వచ్చిన మనిషి పని ముందు చెప్పడు. వానల సంగతి అడుగుతాడు, పిల్లల సంగతి అడుగుతాడు, ఫలానా ఊళ్లో ఫలానా ఆయన పోయాడట అంటాడు. చాయ్ తాగుతాడు. లేచి, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ, అప్పుడే గుర్తొచ్చినట్టు, "ఔ గానీ అన్నా" అని అసలు మాట తీస్తాడు. ఎదుటివాడికి ఆ మాట ముందే తెలుసు. అయినా గంటసేపు ఇద్దరూ ఓపికగా నటిస్తారు. వచ్చీరాగానే పని చెప్పేవాణ్ని మా అవ్వ "మనిషి గాదు, తంతి" అనేది, టెలిగ్రాం అన్నమాట. నేను అలాంటి ఇంట్లో పెరిగాను, ఆ మర్యాదను తీసుకెళ్లి పరీక్ష పేపర్లో పెట్టాను.

నిజంగానే పెట్టాను. తెలంగాణ వచ్చిన కొత్తలో మొదటిసారి జడ్జి పరీక్ష రాశాను. ఒక కాంట్రాక్టు చెల్లుతుందా చెల్లదా అని అడిగితే, అసలు కాంట్రాక్టు అంటే ఏమిటి, ఆ చట్టం మన దేశానికి ఎప్పుడు వచ్చింది, అంతకుముందు ఏముండేది అని మొదలుపెట్టాను. నాకు తెలిసిందంతా, అందంగా, వరుసగా రాశాను. చివరి పేజీకొచ్చి "ఔ గానీ అన్నా" అనబోయేసరికి గంట కొట్టారు. తర్వాత ముగిద్దామని వదిలినవాటితో కలిపి ఆరు జవాబుల్లో నాలుగింటికి ముగింపే లేదు. రెండోసారి ఇంకా ఎక్కువ చదువుకుని వెళ్లాను కాబట్టి ఇంకా ఘోరంగా పోయింది. మూడోసారికి నాకు వయసు పరిమితి దగ్గరపడింది. అదే ఆఖరి అవకాశం. బాపు ఫోన్‌లో ఏమీ అనేవాడు కాదు, "తిన్నవా బిడ్డా" అని మాత్రం అడిగేవాడు. ఆ మాటకే నాకు ఏడుపొచ్చేది.

అప్పట్లో నేను శ్రీశైలం రోడ్డు మీద ఒక పట్నంలో రామచంద్రం సార్ దగ్గర జూనియర్‌ని. ఊరి పేరు రాయను, ఎందుకో చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది. సార్ ఇంటి వరండానే ఆఫీసు. తెల్లగుడ్డల్లో కట్టిన పాత కేసుల కట్టలు, వాటి బూజు వాసన, లోపలి నుంచి సార్ భార్య వేయించే పల్లీల వాసన, రెండూ కలిసి వచ్చేవి. ఇప్పటికీ ఎక్కడైనా పల్లీలు వేగుతుంటే నాకు వాయిదా గుర్తొస్తుంది. సార్ పొద్దున్నే జొన్నరొట్టె తిని, నల్లకోటు కాలరును తడిగుడ్డతో తానే తుడుచుకుని, ఏడున్నరకల్లా కుర్చీలో ఉండేవారు. ఆయన దగ్గర పెన్ను ముట్టుకోవడం తర్వాత మాట. పెన్సిలు, అరపేజీ. కేసు మొత్తం ఆ అరపేజీలో పట్టకపోతే నీకు కేసు అర్థం కాలేదన్నమాట. నేను మొదటిసారి నా జవాబు ఒకటి చూపిస్తే నాలుగు పేజీలూ చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఏం బిడ్డా, నాలుగు పేజీలైనయ్. ఇంకా చాయ్ తాగుకుంటనే కూసున్నవ్. వచ్చిన పని ఎప్పుడు చెప్తవ్?"

"ముందు మొత్తం చెప్పి..."

"గా పేపరు దిద్దేటాయన ముంగట ఇంకా మూడొందల పేపర్లుంటయ్. ఆయనకు నీ మర్యాద అక్కెర లేదు. తలుపు తియ్యంగనే పని చెప్పు."

ఆ తర్వాత ఆయన పెట్టిన పద్ధతి నేను ఏ లా కాలేజీలోనూ చూడలేదు, వినలేదు. వరండాలో గోడకు ఆనించి ఒక పొడుగు బెంచీ ఉండేది. వాయిదాల కోసం వచ్చిన పార్టీలు కోర్టు టైము దాకా దాని మీద కూర్చునేవాళ్లు. రైతులు, సాలెవాళ్లు, మొగుడు వదిలేసినవాళ్లు, అన్నదమ్ముల పంపకాలు తెగనివాళ్లు. రోజూ పొద్దున నేను రాసిన ఒక జవాబును ఆ బెంచీకి తెలుగులో చెప్పాలి. ఇంగ్లీషు మాట ఒక్కటి దొర్లకూడదు. చెప్పడం అయ్యాక సార్ బెంచీ వైపు చూసి, "ఎవరు గెలిచిన్రు? ఎందుకు గెలిచిన్రు?" అని అడుగుతారు. వాళ్లు చెప్పగలిగితే జవాబు పాసు. చెప్పలేకపోతే నేను ఫెయిలు, మళ్లీ రాయాలి. "ముందు తెలుగుల చెప్పు, తర్వాత ఇంగ్లీషుల రాయి. ఇంగ్లీషుల తెల్వనిది దాసిపెట్టొచ్చు. తెలుగుల దాయలేవు" అనేవారు.

మొదట నాకు నామోషీగా ఉండేది. పట్టా చేతపట్టుకుని చదువురానివాళ్ల ముందు పరీక్ష ఇవ్వడమేమిటనుకున్నాను. వారం తిరక్కుండానే ఆ పొగరు దిగిపోయింది. ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఏళ్లకేళ్లు కోర్టు వసారాల్లో గడిపినవాళ్లు. సెక్షన్ల నంబర్లు తెలియవు కానీ, మాట ఎక్కడ జారిందో ఇట్టే పట్టుకునేవాళ్లు. నేను చట్టం చెప్పి, ఇక గెలుపు దగ్గరికి దూకబోతే, "ఆగమ్మా, మరి గాయన రాత్రిపూట ఇచ్చిండన్నవ్ గద, గది ఏమాయె?" అని అడ్డుపడేవాళ్లు. ప్రశ్నలో ఇచ్చిన ప్రతి సంగతీ వాళ్లకు గుర్తుండేది. ఒక్కటి వదిలేసినా ఊరుకునేవాళ్లు కాదు. జీవితంలో నన్ను అంతగా ఆశ్చర్యపరిచిన బడి ఇంకోటి లేదు. పొద్దున తొమ్మిదింటికి ఆ వరండాలో నిలబడితే నా ఒళ్లు జలదరించేది. అది భయం కాదని, భక్తి అని చాలా రోజులకు అర్థమైంది.

ఆ బెంచీ చివర కూర్చునేది చెన్నమ్మవ్వ. డెబ్బై దాటి ఉంటాయి. మొదటి బస్సుకు దిగేది. సంచిలో ఒక రొట్టె, ఒక ఉల్లిగడ్డ, ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టిన ఒక కాగితం. తన కేసు పిలిచేదాకా చాయ్ ఇచ్చినా తాగేది కాదు. ఆమె, ఆమె పెనిమిటి కలిసి పక్క రైతు దగ్గర రెండెకరాలు కొన్నారు. సాదాబైనామా మీద. అంటే తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం. రిజిస్ట్రీ లేదు. ఎనిమిదేళ్లు దున్నుకున్నారు. వరుసగా వానలు పడకపోయేసరికి మా పాలమూరోళ్లు అందరూ పోయినట్టే బొంబాయి పోయారు, మట్టి పని చేసుకున్నారు. పెనిమిటి అక్కడే పోయాడు. ఆమె తిరిగి వచ్చేసరికి అమ్మినాయన చనిపోయి ఉన్నాడు, ఆయన కొడుకు ఆ భూమి దున్నుకుంటున్నాడు. ముందు వేరే వకీలు దావా వేశాడు. ఆయన కాలం చేశాక కట్ట రామచంద్రం సార్ దగ్గరికొచ్చింది. గెలిచే కేసు కాదని సార్ ఆమెకు ఎన్నోసార్లు చెప్పారు. ఆమె వినేది, తలూపేది, వచ్చే వాయిదాకు మళ్లీ మొదటి బస్సుకు దిగేది.

ఒక పొద్దున సార్ నాకొక ప్రశ్న ఇచ్చారు. 'ఏ' అనే మనిషి 'బీ' దగ్గర రిజిస్ట్రీ లేకుండా భూమి కొన్నది. కొన్నేళ్లు సాగు చేసి, ఊరు విడిచి పోయింది. తిరిగొచ్చేసరికి భూమి 'బీ' వారసుడి చేతిలో ఉంది. 'ఏ'కు ఆ భూమి మీద హక్కు ఉందా? నాకు చాలా సంతోషమైంది, బాగా తెలిసిన అంశం. అరపేజీలో రాసి, బెంచీ ముందు నిలబడి గడగడా చెప్పేశాను. తగాదా ఒక్క వాక్యం. చట్టం మూడు వాక్యాలు. రిజిస్ట్రీ లేనిదే భూమి హక్కు మారదు. కాగితం మీద కొన్నవాళ్లు భూమిలో ఉంటే, కొన్ని షరతుల మీద వాళ్లను వెళ్లగొట్టకుండా చట్టం కాపాడుతుంది. కానీ అది ఉన్నదాన్ని కాపాడుకోవడానికే పనికొస్తుంది, పోయినదాన్ని తెచ్చుకోవడానికి పనికిరాదు. 'ఏ' భూమిలో లేదు. రిజిస్ట్రీ చేయించమని దావా వేయడానికి ఉన్న గడువూ దాటిపోయింది. కాబట్టి 'ఏ' ఓడిపోతుంది. ఇంత చక్కగా నేనెప్పుడూ చెప్పలేదు. సార్ వైపు గర్వంగా చూశాను. సార్ నన్ను చూడటం లేదు, బెంచీ చివరికి చూస్తున్నారు. అప్పుడు గాని నాకు వెలగలేదు.

"'ఏ' అనేటామె ఓడిపోయిందా బిడ్డా?" అంది చెన్నమ్మవ్వ.

"ఔను అవ్వా" అన్నాను.

"మంచిదే. ఓడిపోతె ఓడిపోయింది. మరి గామె ఏం జెప్పుకున్నదో ఒక్క ముక్కన్న రాసినవా?"

రాయలేదు. కాగితం అటూ ఇటూ తిప్పాను. 'ఏ' ఏం చెప్పుకుంటుందో నేను అసలు ఆలోచించలేదు. ఓడిపోయే మనిషికి మాటెందుకనుకున్నాను.

"పైసలన్నీ ముట్టినయని ముసలాయన ఏలిముద్ర ఏసిండు. ఎనిమిదేండ్లు దున్నినం. చెల్కల రాళ్లన్నీ నేనే ఏరి గట్టు పోసిన. కరువొస్తె బొంబాయి పోయినం. పోయినమంటె ఇడిసిపెట్టినట్టా? బుక్కెడు బువ్వకు పోతిమి గని భూమి మీద మనసు ఇర్గి పోతిమా?" ఆమె గొంతు పెంచలేదు. ఎవరో పక్కింటి సంగతి చెప్తున్నట్టు చెప్పింది. "గివన్ని రాయి. రాసినంక, గివన్ని ఉన్నా ఎందుకు ఓడిపోయిందో గామెకు సమజయ్యేటట్టు చెప్పు. గప్పుడు నీ జవాబు మంచిగుంటది."

సార్ నా వైపు తిరిగి, "రాస్కో బిడ్డా. నేను నలభై ఏండ్ల సంది వకాల్తు చేస్తున్న, గింత సాఫ్‌గ నేను గూడ నీకు చెప్పలేకపోయిన" అన్నారు.

ఆ జవాబును నేను పదకొండుసార్లు తిరగరాశాను. చెన్నమ్మవ్వ వాయిదాకు వచ్చిన ప్రతిసారీ ఆమెకు వినిపించేదాన్ని. ఆమె ఎక్కడ పెదవి విరిస్తే అక్కడ మార్చేదాన్ని. 'ఏ' అనే అక్షరం ఆమెకు నచ్చలేదు, పేరు పెట్టమంది, లక్ష్మమ్మ అని పెట్టాము. లక్ష్మమ్మ వాదన ఎంత బలంగా రాస్తే, దానికి చట్టం చెప్పే సమాధానం కోసం నేను అంత లోతుకు వెళ్లాల్సి వచ్చేది. లక్ష్మమ్మ భూమిని వదిలేసిందని చట్టం అనడం లేదు. ఆమె డబ్బులివ్వలేదని కూడా అనడం లేదు. కాగితం రాసుకున్న రోజున, రిజిస్ట్రీ ఆఫీసుకు పోవాలని ఆమెకు చెప్పినవాళ్లు లేరు, అంతే. చట్టం కూడా ఆ లోటు పూడ్చలేదు, ఎందుకంటే ఒక్కరికి పూడిస్తే రేపు ఎవరైనా ఒక తెల్లకాగితం తెచ్చి ఎవరి భూమినైనా అడగొచ్చు. ఇలా రాసుకుంటూ పోతే నాకు మొదటిసారి చట్టం మీద గౌరవం, చట్టం అంటే దిగులు, రెండూ ఒకేసారి కలిగాయి. పుస్తకాల్లో చదివినప్పుడు ఏదీ కలగలేదు.

ఇప్పటి పిల్లలకు ఇన్ని తిప్పలు లేవు. ఫోన్ తీస్తే వంద నమూనా జవాబులు. ఎన్ని నిమిషాలు చదవాలి, ఎన్ని నిమిషాలు రాయాలి, ఎక్కడ గీత కొట్టాలి, అన్నీ ఉన్నాయి. తప్పు పట్టడం లేదు, నాకూ అవి ఉంటే రెండుసార్లు ఓడిపోయేదాన్ని కాదేమో. వాళ్ల జవాబులు చూశాను. ఒద్దికగా ఉన్నాయి, సమయానికి ముగుస్తున్నాయి. ఎదుటివారి వాదన అనే చోట మాత్రం ఒక పొట్టి వాక్యం ఉంటుంది, పెళ్లిలో పిలవక తప్పని చుట్టానికి వేసిన విస్తరిలాగా. దాన్ని చూస్తే నాకు ఆ బెంచీ చివర ఎవరూ కూర్చోలేదని తెలిసిపోతుంది.

నా పరీక్షకు ఇరవై రోజులుందనగా చెన్నమ్మవ్వ కేసులో తీర్పు వచ్చింది. దావా కొట్టేశారు. సార్ ఆ రోజు జ్వరంతో లోపల మంచం మీద ఉన్నారు. కోర్టు నుంచి నకలు నేనే తెచ్చాను. "నువ్వే చెప్పు బిడ్డా, ఆమెకు నువ్వు చెప్తెనే మంచిది" అన్నారు. వరండాలో ఆమె ఒక్కతే ఉంది. ఆత్మకూర్‌లో పుట్టిన నేను వానల మాట ఎత్తలేదు, ఆరోగ్యం అడగలేదు. "ఓడిపోయినం అవ్వా" అన్నాను, తలుపు తీయగానే.

"ఏం రాసిన్రో సదువు" అంది.

ఇంగ్లీషు తీర్పు. మూడు పేజీలు. అందులో చట్టప్రకారం తప్పేమీ లేదు, ఆ మాట నేను ఈరోజుకూ అంటాను. కానీ ఆమె చెప్పుకున్నదానికి అందులో ఉన్నది ఒకే ఒక్క వాక్యం. వాది సాదాబైనామా మీద ఆధారపడుతోంది, అని. రాళ్లు లేవు, గట్టు లేదు, బొంబాయి లేదు. ఏళ్ల తరబడి మొదటి బస్సుకు దిగిన మనిషికి ఆ ఒక్క వాక్యం ఎలా చదివి వినిపించాలో నాకు తెలియలేదు. నా చేతుల్లో తీర్పు పట్టుకుని, కళ్లు దాని మీదే పెట్టుకుని, నా జవాబు చెప్పడం మొదలుపెట్టాను. ఈమె డబ్బులు ఇచ్చిన మాట నిజమే. ఎనిమిదేళ్లు సాగు చేసిన మాట నిజమే. పొట్టకూటికి బొంబాయి పోవడం భూమిని వదులుకోవడం కాదు, ఆ సంగతి కోర్టు ఒప్పుకుంటుంది. అయినా... అంటూ అన్నీ చెప్పాను, చివరిదాకా. మధ్యలో ఒకసారి పేజీ కూడా తిప్పాను. న్యాయస్థానం పేరు పెట్టి అబద్ధం చదివాను. లోపలి గదిలో సార్ దగ్గు వినిపించింది, ఆయన పిలవలేదు, ఆపలేదు.

చెన్నమ్మవ్వ మొత్తం విన్నది. కొంగుతో ముఖం తుడుచుకుని, సంచి భుజానికి తగిలించుకుని లేచింది. రెండు మెట్లు దిగి ఆగింది.

"గిది నీ జవాబే గద బిడ్డా" అంది.

నేను తీర్పు కాగితాలు మడిచాను.

"నాకెర్కే. పదిసార్లు ఇన్న, నాకు ఎర్క లేకుంటదా? బొంబాయి మాట గా కాయితంల లేదు గద?"

లేదని తల ఊపాను. క్షమించమని అడగబోయాను. ఆమె రెండు మెట్లు వెనక్కి ఎక్కి వచ్చి నా చెంప మీద చెయ్యి పెట్టింది.

"మంచిగ సదివినవ్. ఇంటుంటె నాకు పాణం జర నిమ్మళమైంది. అబద్ధమైతె ఏమాయె, ఈ ఒక్కసారికి పోనీ. కానీ రేపు నువ్వు గా కుర్చీల కూసున్ననాడు కాయితం మీదనే రాయి బిడ్డా. ఓడిపోయిన ప్రతోళ్లకు నీలెక్క సదివి చెప్పెటోళ్లు ఏడ దొరుకుతరు?"

బస్సుకు ఆలస్యమవుతుందని వెళ్లిపోయింది. నేను పరీక్ష రాశాను, పాసయ్యాను. ఉద్యోగంలో చేరిన ఏడాదికి ఆమె ఊరికి వెళితే అప్పటికే పోయిందన్నారు. నా తీర్పులు పొడుగ్గా ఉంటాయని, ఓడిపోయే పక్షం వాదనకు అన్ని పేజీలు అనవసరమని పైవాళ్లు ఒకటి రెండుసార్లు అన్నారు. వాళ్లన్నది నిజమే. తగ్గిద్దామని కూర్చుంటాను, ఒక్క వాక్యం కొట్టేయడానికి కూడా నాకు చెయ్యి రాదు.